క్షమ, ఋణం, గడువు

అభ్యుదయ సాహిత్య విమర్శలో కొన్ని మాటలు మనకు బాగా అలవాటు పడిపోయాయి. దోపిడీ అంటాం, వైరుధ్యం అంటాం, చైతన్యం అంటాం. క్షమ అనే మాట మాత్రం మన వ్యాసాలలో దాదాపు కనిపించదు. అది గుళ్ళకూ చర్చీలకూ మనం వదిలిపెట్టిన మాట. ఎవడైనా తప్పు చేస్తే, ఆ తప్పుకు మూలం సమాజంలో ఎక్కడ వున్నదో చూపించటంతో మన పని తీరిపోయిందనుకుంటాం. అయితే తప్పు చేసినవాడు మరునాడు పొద్దున లేచి ఎక్కడికో పోవాలి, ఏదో పని చెయ్యాలి, ఎవరి ముఖమో చూడాలి. అతని సంగతేమిటి? వ్యవస్థ మారేదాకా అతను కాచుకొని కూర్చోవలసిందేనా?

ఈ ప్రశ్నకు క్రైస్తవం ఒక సమాధానం చెప్పింది. మన ఉత్తరాంధ్ర రచయితలు మరొక విధమైన సమాధానం చెప్పారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటి బలమూ, రెండింటి లోటూ తెలుస్తాయని నా నమ్మకం. మతాన్ని సమర్థించటానికి గాని, ఖండించటానికి గాని ఈ వ్యాసం రాయటం లేదు. మనిషికి రెండో అవకాశం ఇవ్వటమంటే ఏమిటి, ఇచ్చేవాడెవడు, ఆ ఇవ్వటానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవే నా ప్రశ్నలు.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. క్రైస్తవులు నిత్యం చేసే ప్రభువు ప్రార్థనలో క్షమాపణ కోరే చోటు ఒకటుంది. తెలుగు బైబిలులో మత్తయి సువార్త పాఠం చూస్తే, అక్కడ వున్న మాట పాపం కాదు, ఋణం. మాకు ఋణపడ్డవారిని మేము వదిలినట్టే మా ఋణాలను నువ్వు వదులు అన్నది దాని తాత్పర్యం. అదే సువార్తలో ఒక కథ కూడా వున్నది. రాజుకు అంతులేని అప్పు పడ్డ దాసుడొకడు కాళ్ళ మీద పడితే, రాజు అప్పంతా కొట్టేస్తాడు. ఆ దాసుడు బయటికి వచ్చి, తనకు స్వల్పంగా బాకీపడ్డ తోటి దాసుడి పీక పట్టుకుంటాడు. క్షమను ఆ కాలపు పాలస్తీనా రైతులూ కూలీలూ గుండెల్లో దిగేటట్టు అర్థం చేసుకోవాలంటే అప్పు భాషలోనే చెప్పాలని ఆ కథ చెప్పినవారికి తెలుసు. ఏభయ్యో ఏట అన్యాక్రాంతమైన భూములు తిరిగి ఇచ్చివెయ్యాలనీ, బానిసలను విడిచిపెట్టాలనీ యూదుల ధర్మశాస్త్రం అంతకు ముందే విధించి వున్నది. అంటే ఈ భావం పుట్టింది మనసులోని మెత్తదనంలో నుంచి కాదు. పొలంలో నుంచి, పద్దు పుస్తకంలో నుంచి. తరవాత కాలంలో పద్దు పుస్తకం పక్కకు పోయింది, మెత్తదనం మిగిలింది.

లూకా సువార్తలో అంజూరపు చెట్టు కథ ఇంకా గమనించదగ్గది. మూడేళ్ళుగా కాయని చెట్టును కొట్టెయ్యమంటాడు యజమాని. తోటమాలి ఒక్క ఏడు ఆగమంటాడు. అతను చెట్టు మంచిదని వాదించడు, క్షమించమనీ అనడు. ఈ ఏడాదిలో చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను, అప్పటికీ కాయకపోతే చూద్దామంటాడు. రెండో అవకాశానికి ఇంతకంటె సరైన నిర్వచనం నాకు కనిపించలేదు. అందులో మూడు వున్నాయి: గడువు, ఎరువు, ఒకరి శ్రమ. ఎరువు లేని గడువు ఎగతాళి. గడువు లేని ఎరువు వృథా. శ్రమపడే తోటమాలి లేకపోతే రెండూ మాటలే.

1862లో విక్టర్ హ్యూగో రాసిన నవల మన ప్రేక్షకులకు 1950లో నాగయ్యగారు నటించిన ‘బీదలపాట్లు’ సినిమాగా తెలుసు. రొట్టె దొంగిలించి పందొమ్మిదేళ్ళు ఖైదులో మగ్గిన జాఁ వల్జాఁ, తనకు తిండిపెట్టి పడుకోవటానికి చోటిచ్చిన బిషప్పు ఇంట్లోనే వెండి దొంగిలిస్తాడు. బిషప్పు పోలీసుల ఎదుట ఆ వెండి నేనే ఇచ్చానని చెప్పి, వెండి దీపస్తంభాలు కూడా చేతిలో పెడతాడు. ఈ ఘట్టాన్ని కరుణకు పరాకాష్ఠ అని చదవటం పరిపాటి. ఆ బిషప్పు దీవెన ఒక్కటే ఇచ్చి పంపలేదనీ, కొత్త బతుకు మొదలుపెట్టటానికి మూలధనం కూడా ఇచ్చాడనీ మనం గుర్తుపెట్టుకోవాలి. హ్యూగో దేవుణ్ణి నమ్మిన మనిషే. అయినా వెండి విలువ మరిచిపోలేదు.

ఇక మన నేలకు వద్దాం. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంతో ముడిపడ్డ మనిషి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం స్వీకరించి, తెలుగులో కీర్తనలు కట్టాడు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి పోయింది గాని, ఆ కీర్తనలు మాత్రం టెక్కలిలోనూ, బొబ్బిలిలోనూ, గోదావరికి అవతల కూడా ఇప్పటికీ పాడుతున్నారు. ఆ సంప్రదాయంలోని కీర్తనలలో విమర్శకుడు గమనించవలసిన విషయం ఒకటున్నది. అక్కడ పాపి ఎప్పుడూ ‘నేను’. పాడేవాడు తన్ను తానే దోషిగా నిలబెట్టుకుంటాడు, పక్కవాడి జోలికి పోడు. మన భక్తకవులు కూడా ఆ దారిన నడిచినవారే గనక, తెలుగు చెవికి అది కొత్త కాలేదు. క్షమాపణ ఉత్తమపురుషలో వున్నంతకాలం అది మనిషిని వంచుతుంది, ఎవరినీ తొక్కదు.

అదే క్షమ ప్రథమపురుషలోకి మారి, ‘నేను పాపిని’ అన్న వాక్యం ‘వాళ్ళు పాపులు’ అయితే ఏం జరుగుతుంది? దీనికి తెలుగుదేశంలో నడిచిన ఉదాహరణ వున్నది. అది స్టువర్టుపురం.

బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానిలోనూ అమలుకు వచ్చింది. ఎరుకలవారిని పుట్టుకతో దొంగలని చట్టమే నిర్ణయించింది. బాపట్ల దగ్గర 1913–14 ప్రాంతంలో ఒక సెటిల్‌మెంటు ఏర్పరచి, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. అక్కడ బడి పెట్టారు, వైద్యం చేశారు, సాగుకు కొంత నేల చూపించారు. ఆ పని చేసిన వారిలో నిజాయితీగా కష్టపడ్డవారు లేరనటం అన్యాయం. కాని హాజరు పట్టీ వున్నది. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటరాదన్న నిబంధన వున్నది. చీరాల పొగాకు కంపెనీకి కావలసిన కూలీలు అక్కణ్ణుంచే దొరికారు. ఆత్మరక్షణా, కంపెనీ లాభమూ, పోలీసు నిఘా ఒకే ప్రహరీలో సర్దుకున్నాయి.

అసలు ఎరుకలవారు చేసిన తప్పేమిటి? వాళ్ళు ఎద్దుల మీదా గాడిదల మీదా ఉప్పూ ధాన్యమూ మోసుకుపోయి, సముద్రతీరానికీ లోపలి ఊళ్ళకూ మధ్య వర్తకం చేసిన సంచారులు. ప్రభుత్వ ఉప్పు విధానమూ, రోడ్లూ, రైళ్ళూ ఆ వర్తకాన్ని తుడిచిపెట్టిన తీరును చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన గ్రంథంలో వివరంగా చూపించారు. బతుకుతెరువు పోగొట్టినవారే బతుకుతెరువు లేనివాడిని నేరస్థుడన్నారు, తరవాత క్షమించి బాగుచేస్తామని వచ్చారు. ఇక్కడ ఋణం ఎవరిది? పద్దు సరిగా రాస్తే, బాకీపడ్డది ప్రభుత్వం. బాకీపడ్డవాడు దాత వేషం కట్టటం ఈ కథలోని అసలు అన్యాయం. 1952లో ఆ చట్టం రద్దయింది. పేరుకు అంటిన మచ్చ మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు.

ఆ స్టువర్టుపురంలోనే 1970ల నుంచి మరొక ప్రయత్నం జరిగింది. చేసినవారు నాస్తికులు: గోరా కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత. ఉప్పు సత్యాగ్రహం సాగిన 1930లో పుట్టినందుకు ఆయనకా పేరు పెట్టారు. ఉప్పు వర్తకం పోయి దొంగలనిపించుకున్న జనం దగ్గరికి ఆ పేరుగల మనిషే వెళ్ళటం చరిత్రలోని ఒక చిత్రం. హేమలత ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువాగారి కుమార్తె. తండ్రి క్రీస్తును కావ్యంలో నిలిపాడు. దేవుణ్ణి ఒప్పుకోని కుమార్తె, క్రీస్తు చెప్పిన పనిని గడపగడపకూ తిరిగి చేసింది. ఏళ్ళ తరబడి ఆ ఇళ్ళల్లో కూర్చుని, పిల్లల చదువూ, పెద్దల ఉపాధీ, పోలీసులతో తగాదాలూ తన మీద వేసుకున్నది. నేరస్థుల సంస్కరణ మీద పుస్తకాలు రాసింది. అదే ఇతివృత్తంగా ‘జీవన ప్రభాతం’ నవల రాసింది. కనుక ఓర్పుతో మనిషిని నిలబెట్టటం ఒక మతం సొత్తు కాదని తేలుతున్నది. అట్లాగే, మతాన్ని వదులుకున్నవాడికి ఆ ఓర్పు అక్కరలేదని కూడా తేలటం లేదు.

విజయనగరంలో గురజాడ ఈ సమస్యను మరొక వైపు నుంచి పట్టుకున్నాడు. ఆయన కాలానికి సంస్కరణోద్యమం జోరు మీద వున్నది. వేశ్యల ఆటపాటలను బహిష్కరించాలన్న ఉద్యమానికి బ్రహ్మసమాజమూ, మిషనరీలూ ఊపిరి పోశారు. పతితులను ఉద్ధరించాలన్న క్రైస్తవ ఆదర్శం హిందూ సంస్కర్తల మాటలలోకి ఎక్కింది. గురజాడ ఆ ఉద్యమానికి శత్రువు కాడు. అయితే ఆయన ఉద్ధరించేవాడి భుజం మీద చెయ్యివేసి, అద్దం ముందు నిలబెట్టాడు. ఇంగ్లీషులో రాసి, తరవాత తెలుగులోకి ‘సంస్కర్త హృదయం’గా వచ్చిన కథలో రంగనాథయ్యరు వేశ్య అయిన సరళను బాగుచెయ్యబోతాడు. బాగుపడవలసిన హృదయం ఎవరిదో పాఠకుడికి కొద్దిసేపట్లోనే అనుమానం వస్తుంది.

1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ‘దిద్దుబాటు’ పేరే చూడండి. శిక్షా కాదు, క్షమా కాదు, దిద్దుబాటు! బడిపంతులు పలక మీద అక్షరాన్ని దిద్దించే పని అది. గోపాలరావు చదువుకున్నవాడు, స్త్రీవిద్యను ప్రోత్సహించినవాడు, రాత్రి వేళ ఆటపాటలు చూసి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరేవాడు. కమలిని అతనికి ఉపన్యాసమివ్వదు. పుట్టింటికి పోయానని ఉత్తరం రాసిపెట్టి, మంచం కింద దాక్కుంటుంది. ఆ కొద్దిసేపూ అతను తన ఇంటిని ఆమె లేని ఇల్లుగా చూస్తాడు. అది చాలు. చివరకు ఆమె నవ్వుతుంది. ఆ నవ్వులో క్షమ వున్నది గాని, క్షమించేవాళ్ళకు సహజంగా వచ్చే ఎత్తు లేదు. తప్పు చేసినవాడి పరువు నిలబెట్టి తప్పును దిద్దటం ఎట్లాగో ఆమెకు తెలుసు. ఇక్కడ గురువు భార్య, శిష్యుడు భర్త. 1910 నాటికి ఈ తారుమారు చిన్న సంగతి కాదు.

‘కన్యాశుల్కం’ 1909 నాటి రూపంలో ఈ తారుమారు పూర్తి అవుతుంది. సౌజన్యారావు పంతులు సద్బుద్ధికి మారుపేరు. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టినవాడు. మగవేషంలో అతని ఇంటికి వచ్చిన మధురవాణి ఒక అమాయకుడి కేసు విప్పటానికి కీలకం చెపుతుంది. ప్రతిఫలంగా ముద్దడిగి, ఇరకాటంలో పెడుతుంది. చివరకు చెడనివారిని చెడగొట్టరాదన్న తల్లి బుద్ధిమాట తలచుకొని, అతని వ్రతాన్ని తానే కాపాడుతుంది. ఎవరు ఎవరిని క్షమించారు? సౌజన్యారావు ఆమె చేతిలో గీత పెట్టే ఘట్టాన్ని వేశ్య ఉద్ధరణగా వర్ణించే విమర్శకులున్నారు. నాకు మాత్రం ఆ గదిలో ఇద్దరు గురువులు, ఇద్దరు శిష్యులు కనిపిస్తారు. ఆమె గ్రంథం తీసుకుంటుంది. అతను తన నిరసన ఎంత గుడ్డిదో తెలుసుకుంటాడు. బుచ్చమ్మ విషయంలో సౌజన్యారావు చేసే ఏర్పాటు కూడా గమనించండి. జాలి మాటలతో సరిపెట్టక, పూనాలోని వితంతు శరణాలయానికి పంపించి చదువు చెప్పించే నిర్ణయం చేస్తాడు. గడువూ ఎరువూ దొరికేది ఆమెకు. గిరీశానికి ప్రస్తుతం దొరికేది అద్దం. మోసపోయినవారికి దొరకవలసినది మోసగించినవాడికి ముందుగా పంచిపెట్టే కరుణ గురజాడ దగ్గర లేదు. క్షమను గురించి మాట్లాడేవారందరూ ఈ వరుసక్రమం నేర్చుకోవాలి.

ఈ సంప్రదాయాన్ని కోర్టు గదిలోకి తీసుకుపోయినవాడు రావిశాస్త్రి. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్రప్లీడరుకు లోకమంటే ఏమిటో చెపుతుంది. చట్టం దృష్టిలో ఆమె ముద్దాయి. కథ దృష్టిలో ఆమె ఉపాధ్యాయిని. పోలీసుకూ కోర్టుకూ సారా వ్యాపారానికీ వున్న ఇచ్చిపుచ్చుకోవటాలు ఆమె నోటినుంచి వింటుంటే, ఈమెను క్షమించే అర్హత ఈ భవనంలో ఎవరికి వున్నదనే ప్రశ్న పాఠకుడికి రాక మానదు. కమలినీ, మధురవాణీ, ముత్యాలమ్మా ముగ్గురూ మనకు చెప్పేది ఒకటే: ఎదుటివాడిని దిద్దబోయేవాడు తాను దిద్దబడటానికి సిద్ధపడాలి. స్టువర్టుపురం సెటిల్‌మెంటులో లోపించినది ఇదే. అక్కడ అధికారి నేర్చుకోవలసిన పాఠం హాజరు పట్టీలో లేదు.

ఇక ఋణం సంగతి. కాళీపట్నం రామారావుగారు 1966లో ప్రకటించిన ‘యజ్ఞం’ మీద తెలుగులో జరిగినంత చర్చ ఏ కొద్ది కథల మీదో తప్ప జరగలేదు. ఇన్ని చర్చల తరవాత కూడా ఆ కథను క్షమ దృష్టితో చూడటం మిగిలే వున్నదనుకుంటాను. సుందరపాలెంలో పంచాయితీ. పెద్దమనిషి శ్రీరాములునాయుడు. బాకీ గోపన్నకు, బాకీపడ్డవాడు దళితుడైన అప్పల్రాముడు. పెద్దలు దుర్మార్గులు కారు. ఓర్పుగా వింటారు, ధర్మం తప్పరాదంటారు, ఊరు బాగుపడాలంటారు. అప్పల్రాముడు కూడా అబద్ధాలకోరు కాడు. తాను ఎట్లా చితికిపోయాడో, ఊరు బాగుపడిన కొద్దీ తన బతుకు ఎందుకు దిగజారిందో చెప్పుకుంటాడు. అందరూ మంచివాళ్ళే, అయినా అప్పు తీరాలి. అప్పల్రాముడు పెద్దరికానికి తలవంచి భూమి ఇచ్చెయ్యటానికి ఒప్పుకుంటాడు. ఆ భూమి పోతే తన కొడుకు ఇంకొకరికి బానిస అవుతాడని తెలిసిన సీతారాముడు, ఆ పసివాణ్ణి తన చేతులతోనే నరుకుతాడు.

ఆ ముగింపు దారుణమని, అసహజమని అన్నవారున్నారు. దాన్ని క్షమ లేని లోకపు పద్దుగా చదివితే అసహజమనిపించదు. పంచాయితీలో ధర్మం వున్నది, సానుభూతి వున్నది, ఓర్పు కూడా వున్నది. లేనిదల్లా ఒక్కటే: అసలు ఈ ఋణం న్యాయమైనదేనా అని తిరిగి లెక్కించే ధైర్యం. పెద్దమనుషుల మంచితనం ఆ లెక్క జోలికి పోదు, పోతే ఊరి పునాది కదులుతుంది. అందుకే వారి ఓర్పు అప్పల్రాముడికి గడువుగా మారలేదు, ఉరిగా మారింది. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, “మేస్టారూ, అసలు బాకీ ఎవులిది ఎవులికి?” అని అడిగాడు. కథంతా ఆ ఒక్క ప్రశ్నలో వున్నది. రోజూ ఋణాలను గురించి ప్రార్థించే క్రైస్తవుడు కూడా, గుడ్డలూడేదాకా ధర్మం మాట్లాడే హిందువూ, సిద్ధాంతం మాట్లాడే మనమూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

శ్రీకాకుళం కొండల్లో ఆ ప్రశ్న కథగా ఆగిపోలేదు. సాహుకార్ల అప్పుల్లో పోడులూ పంటలూ పోగొట్టుకున్న జాతాపులకూ సవరలకూ వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం సంఘం నేర్పారు. ఇద్దరూ బడిపంతుళ్ళు. ఏళ్ళ తరబడి కొండలు ఎక్కి దిగి, ఆ జనం మధ్య బతికి, కూలి రేటూ అప్పు లెక్కా వారిచేతనే అడిగించారు. ఇది కూడా తోటమాలి పనే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపిన తరవాత పోరాటం మలుపు తిరిగింది. 1969 నాటికి వర్గశత్రు నిర్మూలన పంథా ముందుకు వచ్చింది. ఒక మనిషి ఏ వర్గంవాడో తెలిస్తే, అతనికి ఇక గడువు అక్కరలేదన్నది ఆ పంథా సారాంశం. రాజ్యం కూడా అదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. విచారణ లేదు, న్యాయస్థానం లేదు, ఎదురుకాల్పులన్న ప్రకటన మాత్రం వున్నది. 1970 జూలై 10న సత్యం, కైలాసం కూడా అట్లాగే హతులయ్యారు.

ఆ యోధుల త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో కట్టుదిట్టం చేసి, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా ఆపవలసి వచ్చిందంటే, ఆ పోరాటం పాలకులను కదిలించటమే దానికి ఒక ముఖ్య కారణం. ఋణం వదిలిపోవటమన్నది ఎవరి దయవల్లనో జరగదని, అడిగేవాళ్ళు కూడగట్టుకుంటేనే జరుగుతుందని అది నిరూపించింది. అయినప్పటికీ, మనిషిని అతని వర్గంతో పూర్తిగా సమానం చేసి లెక్క ముగించటం, జాతి మొత్తాన్ని నేరస్థులని రాసుకున్న 1871 నాటి దొరల తర్కానికి ఎంత దగ్గరగా వున్నదో మనం చెప్పుకోవాలి. ఉద్దేశాలకు ఆకాశానికీ భూమికీ వున్నంత దూరం వున్నది. తర్కానికి లేదు.

ఇక్కడ నా మీద ఒక ఆక్షేపణ రావచ్చు. క్షమను గురించి ఈ మాటలన్నీ పీడితుల చేతుల్లోని కోపాన్ని చల్లార్చటానికి ఉపయోగపడవా? దోపిడీదారు మనసు మారేదాకా ఓర్చుకోమని మళ్ళీ చెప్పినట్టు కాదా? కాదని ఒక్క మాటలో తోసెయ్యలేను. క్షమను ఎప్పుడూ కింద వున్నవాడి దగ్గరనుంచే ఆశించటం చరిత్రలో వున్నది. అందుకే గురజాడ చూపిన వరుసక్రమాన్ని, ‘యజ్ఞం’ అడిగిన లెక్కను వదలరాదంటున్నాను. ముందు బాకీ ఎవరిదో తేలాలి. నష్టపోయినవాడికి చేరవలసినది చేరాలి. దెబ్బతిన్నవాడు క్షమించటమా మానటమా అన్నది అతని ఇష్టం, అతని చేత క్షమింపజేసే హక్కు ఎవరికీ లేదు. ఇవన్నీ అయిన తరవాత కూడా, తప్పు చేసినవాడు మనిషిగా మిగులుతాడు. అతనికి ఒక ఏడాది గడువూ, చుట్టూ తవ్వే ఒక చెయ్యీ కావాలి. ఆ పనిని విప్లవం తరవాతకు వాయిదా వేస్తే, విప్లవం తరవాత కూడా చెయ్యలేం. చేతికి అలవాటుండదు.

ఇదంతా పుస్తకాలలోని మాట అనుకోకుండా, నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళ కిందట పరీక్ష హాలులో నేను పర్యవేక్షకుడిగా వుండగా, ఒక కుర్రవాడి దగ్గర కాపీ చీటీ దొరికింది. నిబంధన ప్రకారం కాగితం రాసి సంతకం పెట్టాను. అతన్ని డిబారు చేశారు. అందులో తప్పేమీ లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కాని ఆ సాయంత్రం నేనతన్ని వెతుక్కుంటూ పోలేదు. వచ్చే ఏడు మళ్ళీ రాయవచ్చునని, ఈలోగా నా దగ్గరికి వచ్చి చదువుకోమని చెప్పలేదు. అతనిది సముద్రపొడ్డు పల్లె. తరవాత విచారిస్తే, వెరావల్ వెళ్ళి పడవలెక్కాడని తెలిసింది. ఆ వారంలోనే నేను ‘దిద్దుబాటు’ పాఠం చెప్పాను. బాగా చెప్పానని పిల్లలన్నారు.

నేను చట్టం తప్పలేదు, కరుణ కూడా తప్పలేదు, లోలోపల జాలిపడ్డాను. తప్పినది మూడోది. నా ఏడాదిలో కొంత కాలం, నా శ్రమలో కొంత భాగం అతని చుట్టూ తవ్వటానికి ఇవ్వలేదు. జీతం తీసుకునే తోటమాలిని నేను. ఆ లెక్కలో బాకీపడ్డది అతను కాదు.

మన సంఘాలలో, మన కళాశాలలలో ఇట్లాంటి పద్దులు ఎన్నో తీరకుండా వున్నాయి. పొరపాటు మాట రాసినందుకు దూరమైన రచయితలున్నారు, ఒక్కసారి తడబడినందుకు మళ్ళీ పిలుపు అందని కార్యకర్తలున్నారు, ఒక పరీక్షతో చదువు ఆగిన విద్యార్థులున్నారు. క్షమ అనే మాట మనకు ఇష్టం లేకపోతే వాడనక్కరలేదు. దిద్దుబాటు అనే మాట గురజాడ మనకు ఇచ్చే వున్నాడు. ఆ పని చెయ్యటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ ఏడు పరీక్షలు ముగిసేలోగా మనలో ప్రతి ఉపాధ్యాయుడూ ఒక్క పేరు గుర్తుచేసుకొని, ఆ ఇంటికి ఒకసారి వెళ్ళిరావటంతో మొదలుపెట్టవచ్చు.